పోర్ట్స్ మిగిల్చే ఫైళ్లు: వేటిని తొలగించాలి, దేనితో తొలగించాలి

ఫ్రీబీఎస్‌డీ యూనిక్స్ తరహా ఆపరేటింగ్ సిస్టం; అందులో సాఫ్ట్‌వేర్‌ను సోర్సు (మూల కోడ్) నుంచి కంపైల్ చేసి పెట్టుకునే ఏర్పాటు పేరు పోర్ట్స్, ఒక్కో సాఫ్ట్‌వేర్‌కు ఒక్కో పోర్టు. అలా కంపైల్ చేసుకునే యంత్రంలో డిస్కు నిండిపోగానే చాలామంది ఏదో ఒక శుభ్రపరిచే కమాండ్‌ను వెతికి నడిపిస్తారు. ఆ కమాండ్ దేనిని తొలగిస్తుందో, తొలగించినదాన్ని తిరిగి తెచ్చుకోవడానికి ఎంత ఖర్చవుతుందో చూడకుండా నడిపిస్తే ఆ పూటకు ఖాళీ దొరుకుతుంది గాని, తర్వాతి అప్‌డేట్ నాడు వందల ఎంబీల ఫైళ్లు మళ్లీ దిగుమతి చేసుకోవలసి వస్తుంది. నగరాల్లో అది లెక్కలోకి రాని ఖర్చే కావచ్చు. కనిగిరిలోనో ఉదయగిరిలోనో రోజుకు రెండు జీబీల పరిమితి ఉన్న ఫోన్ హాట్‌స్పాట్ మీద ఆధారపడిన విద్యార్థికి అది ఒక రోజు నెట్ మొత్తం. అందుచేత నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఈ వ్యవస్థను వాడేవారు సాధనాన్ని ఎంచుకునేటప్పుడు తమకు డిస్కు ఖరీదా, నెట్ ఖరీదా, కరెంటు ఉన్న గంటలు ఖరీదా అన్నది ముందుగా తేల్చుకోవాలి.

పోర్ట్స్ మిగిల్చేవి ప్రధానంగా మూడు రకాలు. మొదటిది వర్క్ డైరెక్టరీ: సోర్సు ఆర్కైవును విప్పి, ప్యాచీలు వేసి, కంపైల్ చేసే చోటు ఇది; ప్రత్యేకంగా చెప్పకపోతే ఆయా పోర్టు డైరెక్టరీ లోపలే ఏర్పడుతుంది. రెండవది డిస్ట్‌ఫైళ్లు, అంటే నెట్ నుంచి దిగిన మూల ఆర్కైవులు. ఇవి పోర్ట్స్ ట్రీ, అంటే పోర్టులన్నీ వర్గాల వారీగా ఉండే డైరెక్టరీ, లోపల డిస్ట్‌ఫైల్స్ అనే డైరెక్టరీలో చేరతాయి. మూడవది తయారైన ప్యాకేజీలు. నెల్లూరు వైపు రైస్ మిల్లు చూసినవారికి ఊక, వడ్లు, బియ్యం అంటే ఈ తేడా వెంటనే తెలుస్తుంది: ఊకను ఎప్పుడైనా బయట పోయవచ్చు, వడ్లను మాత్రం మళ్లీ లారీ కట్టించి తెప్పించుకోవాలి. వర్క్‌ను వెనకాడకుండా తొలగించండి, డిస్ట్‌ఫైళ్ల జోలికి అన్నిటికంటే చివర వెళ్లండి అన్నది నా సలహా. అయితే ఏ సాధనం వేటిని ముట్టుకుంటుందో తెలియనిదే ఆ సలహాను పాటించడం కుదరదు.

వర్క్ డైరెక్టరీలకు ఉన్న దారులు

అన్నిటికంటే సాదా దారి మేక్ క్లీన్ (పోర్టును తయారు చేసేదీ మేక్ కమాండే). పోర్టు డైరెక్టరీలో నిలబడి దీన్ని నడిపితే ఆ పోర్టు వర్క్ డైరెక్టరీతో పాటు అది ఆధారపడే పోర్టుల వర్క్ డైరెక్టరీలు కూడా పోతాయి. ఈ రెండో సంగతి కొత్తవారికి తెలియదు. ఒక పోర్టును శుభ్రం చేస్తే తెర మీద పదుల పేర్లు వరుసగా కనిపించేది అందుకే. ఆధారపోర్టులను వదిలేయాలంటే నోక్లీన్‌డిపెండ్స్ అనే వేరియబుల్‌ను నిర్వచించాలి. ఇన్‌స్టాల్ చేసే కమాండ్ చివరనే క్లీన్‌ను కూడా చేర్చి రాసే అలవాటు ఉన్నవారికి అసలు ఈ సమస్య చాలావరకు రాదు.

పోర్ట్స్ ట్రీ మొదట్లో నిలబడి అదే మేక్ క్లీన్‌ను నడిపితే మొత్తం ట్రీ శుభ్రమవుతుందన్నది నిజమే గాని, 30,000 దాటిన పోర్టుల్లో ప్రతి ఒక్కదానిలోకీ వెళ్లి మేక్‌ను విడిగా లేపుతుంది కనుక పాత ల్యాప్‌టాప్ మీద అది అనవసరమైన శిక్ష. ఆ పని ఫైండ్ కమాండ్‌తో త్వరగా ముగుస్తుంది: వర్గం, పోర్టు, ఆ తర్వాత వర్క్ అన్న క్రమంలో సరిగ్గా మూడో మెట్టులో ఉన్న డైరెక్టరీలను మాత్రమే వెతికి తొలగించమని చెప్పాలి. లోతు హద్దు పెట్టకుండా పేరును బట్టి తొలగించమనడం ప్రమాదం. 2017 చివర్లో ఫ్లేవర్లు (ఒకే పోర్టును వేర్వేరు రూపాల్లో తయారు చేసే ఏర్పాటు) వచ్చినప్పటి నుంచి పైథాన్ మాడ్యూళ్ల వంటి పోర్టుల వర్క్ డైరెక్టరీ పేరు చివర ఫ్లేవర్ పేరు కూడా చేరుతోంది. కాబట్టి వర్క్ అన్న పేరుకే సరిపోల్చే పాత స్క్రిప్టులు వీటిని వదిలేస్తాయి. డిస్కు నిండుతూనే ఉంటుంది, స్క్రిప్టు మాత్రం అంతా శుభ్రమని చెబుతుంది. పేరు మొదట వర్క్ ఉన్నవన్నీ తగిలేలా రాసుకోవాలి.

పోర్ట్స్‌క్లీన్ అనే సాధనం కూడా పెద్ద సి ఆప్షన్‌తో ఇదే పని చేస్తుంది. ఇది పోర్టులను అప్‌డేట్ చేసే పోర్ట్‌అప్‌గ్రేడ్‌తో కలిసి వస్తుంది, దానికి రూబీ భాష కావాలి. వర్క్ డైరెక్టరీలను తుడవడానికే రూబీని తెచ్చి పెట్టుకోవడంలో నాకు అర్థం కనిపించదు. పోర్ట్‌అప్‌గ్రేడ్‌ను ముందే వాడుతున్నవారి సంగతి వేరు.

వీటన్నిటికంటే మేలైన దారి వెతుకులాటే అక్కర లేకుండా చేసుకోవడం. మేక్ డాట్ కాన్ఫ్ ఫైలులో డబ్ల్యూఆర్‌కే‌డిర్‌ప్రిఫిక్స్ అనే వేరియబుల్‌కు వేరే డైరెక్టరీ పేరు ఇస్తే, వర్క్ డైరెక్టరీలన్నీ పోర్ట్స్ ట్రీ బయట ఆ ఒక్క చోటే ఏర్పడతాయి. శుభ్రం చేయడమంటే ఇక ఆ డైరెక్టరీ లోపలున్నదంతా తొలగించడమే. ఫ్లేవర్ పేర్లతో, మెట్ల లెక్కతో పని లేదు. 128 జీబీల ఎస్ఎస్‌డీ ఉన్న ల్యాప్‌టాప్‌తో నెట్టుకొచ్చే కావలి విద్యార్థి దీన్ని బయటి హార్డ్‌డిస్కు మీదికి మళ్లించుకోవచ్చు కూడా; పెద్ద పోర్టులు కంపైల్ మధ్యలో పదేసి జీబీల చోటు అడుగుతాయి గనుక ఆ వెసులుబాటు చిన్నది కాదు. ఈ జిల్లాల్లో పోర్ట్స్‌ను చేత్తో కంపైల్ చేసుకునే ఎవరికైనా నేను మొదట చెప్పేది ఈ ఒక్క మార్పే.

కరెంటు పోయిన రోజు సంగతి

వర్క్‌ను వెనకాడకుండా తొలగించమన్నాను గాని దానికి ఒక మినహాయింపు ఉంది. పోర్ట్స్‌లో విప్పడం, కాన్ఫిగర్ చేయడం, కంపైల్ చేయడం అనే ప్రతి దశ ముగిసినప్పుడూ వర్క్ లోపల ఒక గుర్తు ఫైలు పడుతుంది. మధ్యలో ఆగిపోయిన పోర్టులో మళ్లీ మేక్ నడిపితే ముగిసిన దశలను దాటేసి, ఆగిన దశలో కూడా అప్పటికే తయారైన ఆబ్జెక్ట్ ఫైళ్లను చాలావరకు తిరిగి చేయకుండా ముందుకు సాగుతుంది. రోహిణి కార్తెలో మధ్యాహ్నం కరెంటు పోయి, ఇన్వర్టర్ కూడా చేతులెత్తేసిన ఇంట్లో నాలుగు గంటలుగా నడుస్తున్న ఎల్ఎల్‌వీఎం అనే పెద్ద కంపైలర్ పోర్టు కంపైల్ ఆగిందనుకోండి; ఆ వర్క్ డైరెక్టరీ అప్పుడు చెత్త కాదు, నాలుగు గంటల పని. దాన్ని తుడవకండి.

ఇక్కడే పోర్ట్‌మాస్టర్ (పోర్టులను అప్‌డేట్ చేసే మరో సాధనం) వాడేవారు జాగ్రత్త పడాలి. అది తనంతట తానుగా కంపైల్ మొదలుపెట్టే ముందు ఒకసారి, ముగిశాక ఒకసారి మేక్ క్లీన్ నడుపుతుంది. ఆగినచోటి నుంచి సాగాలంటే ముందు జరిగే శుభ్రతను ఆపే పెద్ద సి ఆప్షన్‌ను ఇవ్వాలి, లేదా ఆ ఒక్క పోర్టులోకి వెళ్లి చేత్తో మేక్ నడపాలి. అయితే హఠాత్తుగా కరెంటు పోయినప్పుడు డిస్కు మీదికి పూర్తిగా చేరని ఫైలు ఒకటి సగంలో మిగిలిపోయే అవకాశం ఉంది. మళ్లీ నడిపినప్పుడు లింక్ దశలో అర్థం లేని తప్పు కనిపిస్తే దాని మూలం వెతుకుతూ కూర్చోకుండా అప్పుడు మాత్రం శుభ్రం చేసి మొదటి నుంచి మొదలుపెట్టడమే మంచిది. వర్క్‌ను మెమరీలో, అంటే టీఎంపీఎఫ్ఎస్ మీద పెట్టుకున్నవారికి ఈ సందేహమే ఉండదు: శుభ్రపరిచే పని ఉండదు, కరెంటు పోతే మిగిలేదీ ఉండదు. యూపీఎస్ నమ్మకంగా లేని చోట దాని వేగానికి ఆశపడవద్దు.

డిస్ట్‌ఫైళ్లు: అసలు ఎంపిక ఇక్కడ

డిస్ట్‌ఫైళ్లను తొలగించే సాధనాలన్నీ పైకి ఒకే పని చేసేవిగా కనిపించినా, అక్కర లేని ఫైలు ఏది అన్న నిర్ణయంలో వేటి లెక్క వాటిది.

మేక్ డిస్ట్‌క్లీన్ ఒక పోర్టు వర్క్‌తో పాటు దాని డిస్ట్‌ఫైళ్లను కూడా తీసేస్తుంది. ఆధారపోర్టుల వర్క్ డైరెక్టరీలు పోతాయి గాని వాటి డిస్ట్‌ఫైళ్లు పోవు. క్లీన్ అనుకుని దీన్ని అలవాటుగా కొట్టేవారు కొందరున్నారు. ఆ పోర్టును మళ్లీ ఎన్నడూ కంపైల్ చేయరని తెలిస్తే తప్ప దీనితో లాభం లేదు.

పోర్ట్స్‌క్లీన్‌కు పెద్ద డి ఆప్షన్‌ను ఒకసారి ఇస్తే, ప్రస్తుత పోర్ట్స్ ట్రీలో ఏ పోర్టూ ప్రస్తావించని ఫైళ్లు మాత్రమే పోతాయి. అంటే పాత వెర్షన్ల ఆర్కైవులు వెళ్లిపోతాయి. మీ యంత్రంలో ఇన్‌స్టాల్ అయి ఉన్నా లేకపోయినా ట్రీలోని నేటి వెర్షన్లకు కావలసినవి మిగులుతాయి. అదే అక్షరాన్ని రెండుసార్లు ఇస్తే హద్దు మారిపోతుంది: మీ యంత్రంలో ఇన్‌స్టాల్ అయిన పోర్టులకు చెందని ప్రతి ఫైలూ పోతుంది. ఒక్క అక్షరం తేడాతో వచ్చే ఈ మార్పు పెద్దది. ఏమీ తొలగించకుండా జాబితా మాత్రం చూపే చిన్న ఎన్ ఆప్షన్ దీనికి ఉంది. మొదటిసారి దానితో చూసుకోవడం మంచిది.

పోర్ట్‌మాస్టర్ షెల్ స్క్రిప్టు. దానికి వేరే పోర్టులేవీ అక్కర లేదు, చిన్న యంత్రాలకు అది నచ్చేది అందుకే. దాని క్లీన్ డిస్ట్‌ఫైల్స్ ఆప్షన్ మొదటి నుంచీ ఇన్‌స్టాల్ అయిన పోర్టుల జాబితానే ఆధారం చేసుకుంటుంది. పోర్ట్స్‌క్లీన్‌లో అక్షరాన్ని రెండుసార్లు ఇచ్చినదానికి ఇది సమానం. ఒక్కో ఫైలుకూ తొలగించనా అని అడుగుతుంది, చిన్న వై ఆప్షన్ ఇస్తే అడగకుండా అన్నిటికీ సరేనంటుంది. ఆ వై ఆప్షన్‌ను ఇవ్వకండి. కారణం ఇది: కంపైల్ చేయడానికి మాత్రమే కావలసిన రస్ట్, ఎల్ఎల్‌వీఎం వంటి పోర్టులను పని ముగిశాక అన్‌ఇన్‌స్టాల్ చేసే అలవాటు మీకుంటే, ఈ లెక్క ప్రకారం వాటి ఆర్కైవులు ఎవరికీ చెందనివి అయిపోతాయి. అన్నిటికంటే బరువైనవి కూడా అవే. అంటే ఫోన్ నెట్ మీద అన్నిటికంటే కష్టపడి దింపుకున్న ఫైళ్లనే ఈ సాధనం మొదట చెత్తబుట్ట చూపిస్తుంది. ఒక్కొక్కటిగా అడగనిచ్చి, ఈ పెద్దవాటికి వద్దని చెప్పడం విసుగైన పనే గాని దిగుమతిని తప్పిస్తుంది.

నా ఎంపిక ఇలా ఉంటుంది. నెట్ పరిమితంగా ఉన్నవారు పోర్ట్స్‌క్లీన్‌ను ఒక్క డితో వాడాలి, అది కూడా పోర్ట్స్ ట్రీని అప్‌డేట్ చేసిన వెంటనే కాకుండా, అప్‌డేట్ అయిన పోర్టులన్నీ విజయవంతంగా కంపైల్ అయి కొన్నాళ్లు నడిచాక. పరిమితి లేని ఫైబర్ లైను ఉన్న ఒంగోలు ఆఫీసుకు డిస్కు చిన్నదైతే పోర్ట్‌మాస్టర్ పద్ధతి సరిపోతుంది. ఫైబర్ ఉన్నవారు కూడా ఒక సంగతి గుర్తుంచుకోవాలి: నవంబరు, డిసెంబరు నెలల్లో వాయుగుండం మన తీరం దాటినప్పుడు లైను తెగితే డిస్ట్‌ఫైళ్లు చేతిలో ఉన్న యంత్రంలో పని సాగుతుంది, లేనిదానిలో ఆగుతుంది. కాబట్టి ఈ శుభ్రత ఏదో సంక్రాంతి తర్వాత పెట్టుకోండి.

లైసెన్సు కారణంగా చేత్తో దింపుకుని డిస్ట్‌ఫైల్స్‌లో పెట్టవలసిన ఆర్కైవులు ఉంటే వాటిని ముందుగా వేరే చోట కాపీ చేసి ఉంచండి. వాటిని మేక్ తనంతట తాను తిరిగి తేలేదు.

పంచుకున్న డిస్ట్‌ఫైళ్లు

నెల్లూరులో ఒక కాలేజీ ల్యాబ్‌లో ఇరవై యంత్రాలు ఒకే డిస్ట్‌ఫైల్స్ డైరెక్టరీని ఎన్ఎఫ్ఎస్ (నెట్‌వర్క్ మీద ఫైళ్లను పంచుకునే పద్ధతి) మీద పంచుకుంటున్నాయనుకుందాం. దిగుమతి ఒక్కసారే అవుతుంది కనుక ఆ ఏర్పాటు తెలివైనదే. కాని అందులో ఏ ఒక్క యంత్రం నుంచైనా ఇన్‌స్టాల్ అయిన పోర్టుల లెక్కతో శుభ్రం చేస్తే, మిగిలిన పంతొమ్మిదిటికి కావలసిన ఫైళ్లు కూడా పోతాయి. ఆ యంత్రానికి పక్క యంత్రాల సంగతి తెలియదు. ఇటువంటి చోట రాసే అనుమతిని ఒక్క యంత్రానికే ఇచ్చి, అక్కడ కూడా ట్రీ లెక్కతోనే శుభ్రం చేయాలి. నిజానికి యంత్రాలు ఇన్ని ఉన్నచోట ఒక్కొక్కదానిలో విడిగా కంపైల్ చేయడమే వృథా. ఆ ల్యాబ్‌కు తగినది పౌడ్రియర్.

పౌడ్రియర్ ప్రతి పోర్టునూ శుభ్రమైన జైలులో, అంటే మిగతా వ్యవస్థ నుంచి వేరు చేసిన చోట, కంపైల్ చేసి ప్యాకేజీగా ఇస్తుంది. మిగిలిన యంత్రాలు ఆ ప్యాకేజీలను పీకేజీ కమాండ్‌తో తీసుకుంటాయి. జైలు కూలిపోగానే వర్క్ కూడా పోతుంది కనుక వర్క్ శుభ్రత అన్న మాటే ఉండదు. విఫలమైన పోర్టు వర్క్‌ను పరిశీలన కోసం దాచమని చిన్న డబ్ల్యూ ఆప్షన్‌తో అడిగితే మాత్రం ఆ ఆర్కైవులు పేరుకుంటాయి. వాటిని మనమే తీసేయాలి. డిస్ట్‌ఫైళ్లకు డిస్ట్‌క్లీన్, పాత ప్యాకేజీలకు పీకేజీక్లీన్, లాగ్‌లకు లాగ్‌క్లీన్ అనే ఉపకమాండ్లున్నాయి. వీటిలో డిస్ట్‌క్లీన్‌ను మీరు కంపైల్ చేయదలచుకున్న పోర్టుల జాబితా ఫైలు ఆధారంగా నడపవచ్చు, అంటే నిర్ణయం ఆ క్షణాన ఏ యంత్రంలో ఏది ఇన్‌స్టాల్ అయి ఉందన్నదాని మీద కాక మీరు రాసిపెట్టుకున్న జాబితా మీద ఆధారపడుతుంది. ఇది పోర్ట్‌మాస్టర్ లెక్క కంటే ఎంతో స్థిరమైనది. కరెంటు పోతే అప్పుడు నడుస్తున్న పోర్టు పని పోతుంది గాని, అప్పటికే ప్యాకేజీ అయినవి నిలిచి ఉంటాయి. తర్వాతి నడకలో మిగిలినవే తయారవుతాయి.

దీనికి అడ్డు మెమరీ. వర్క్‌ను టీఎంపీఎఫ్ఎస్ మీద పెట్టే అమరికలో నాలుగు జీబీల యంత్రం పెద్ద పోర్టులను మోయలేదు. రస్ట్ వంటివాటి పేర్లను టీఎంపీఎఫ్ఎస్ బ్లాక్‌లిస్టులో చేర్చి డిస్కు మీదికి మళ్లించవచ్చు. చీమకుర్తిలో గ్రానైట్ లెక్కలు చూసే ఒకే ఒక్క సర్వరు ఉన్న ఆఫీసుకు మాత్రం పౌడ్రియర్ పెట్టమని నేను చెప్పను. అక్కడ ఆప్షన్లు మార్చుకున్న రెండు మూడు పోర్టులను మాత్రమే చేత్తో కంపైల్ చేసి, వాటికి కావలసిన కంపైలర్లను సోర్సు నుంచి కాక ప్యాకేజీలుగా తెచ్చుకుంటే మిగులు పదో వంతు కూడా ఉండదు. పోర్ట్‌మాస్టర్‌లో ప్యాకేజెస్ బిల్డ్ అనే ఆప్షన్ ఉన్నది ఇందుకే. అలా చేసేటప్పుడు పోర్ట్స్ ట్రీ, పీకేజీ రిపాజిటరీ రెండూ ఒకే శాఖవి కావాలి. ఒకటి క్వార్టర్లీ (మూడు నెలలకోసారి మారేది), మరొకటి లేటెస్ట్ అయితే వెర్షన్లు పొసగవు.

ప్యాకేజీల సంగతి క్లుప్తంగా: వార్ డైరెక్టరీ కింది క్యాష్‌లో పేరుకున్న ప్యాకేజీ ఫైళ్లకు పీకేజీ క్లీన్ చాలు. అది రిపాజిటరీలో ఇక లేనివాటిని తీస్తుంది, చిన్న ఏ ఆప్షన్‌తో అన్నిటినీ తీస్తుంది. ఎప్పుడు నడిపినా నష్టం లేదు.

చెత్తలా కనిపించేవి, చెత్త కానివి

వార్ కింది డీబీలో ఉన్న పోర్ట్స్ డైరెక్టరీ చూడటానికి మిగులులా ఉంటుంది. అందులో ఉన్నవి మీరు ఒక్కో పోర్టుకూ నీలి తెర మీద ఎంచుకున్న ఆప్షన్లు. పరిమాణంలో చాలా చిన్నవి. తొలగిస్తే దక్కే ఖాళీ ఏమీ ఉండదు, తర్వాతి అప్‌డేట్‌లో మాత్రం ప్రతి ప్రశ్నకూ మళ్లీ జవాబు చెప్పాలి. దాని పక్కనే ఉన్న పీకేజీ డైరెక్టరీ ఇన్‌స్టాల్ అయిన ప్యాకేజీల డేటాబేసు. దాన్ని ముట్టుకుంటే యంత్రానికి తనలో ఏమున్నదో తెలియకుండా పోతుంది.

పోర్ట్స్ ట్రీ 2021లో మార్పుల చరిత్రను ఉంచే గిట్‌కు మారిన తర్వాత మరో దారి వచ్చింది: గిట్ క్లీన్. ఎఫ్, డి, ఎక్స్ ఆప్షన్లను కలిపి నడిపితే గిట్‌కు తెలియని ప్రతిదీ పోతుంది. వర్క్ డైరెక్టరీలు పోతాయి, నిజమే. ట్రీ లోపలే ఉన్న డిస్ట్‌ఫైళ్లు, ప్యాకేజీలు, మీరు పోర్టు పక్కన చేర్చుకున్న స్థానిక ఫైళ్లు కూడా వాటితో పాటే పోతాయి. దీన్ని వాడదలచుకుంటే డిస్ట్‌డిర్ వేరియబుల్‌తో డిస్ట్‌ఫైళ్లను ముందుగా ట్రీ బయటికి తరలించండి.

జడ్‌ఎఫ్ఎస్ ఫైల్ సిస్టం వాడేవారికి మరో మాట. పోర్ట్స్ డేటాసెట్‌కు (అందులో విడిగా నిర్వహించే భాగానికి) స్నాప్‌షాట్లు, అంటే ఆ క్షణపు నకళ్లు, ఉంటే, ఫైళ్లను ఎన్ని తొలగించినా ఆ స్నాప్‌షాట్లు పట్టుకుని ఉన్నంతకాలం ఖాళీ పెరగదు. పది జీబీలు తుడిచినా ఖాళీని చూపే డీఎఫ్ కమాండ్‌లో అంకె కదలలేదంటే ముందు చూడవలసింది స్నాప్‌షాట్ల జాబితానే. వర్క్‌కూ డిస్ట్‌ఫైళ్లకూ వేరే డేటాసెట్ చేసి దాన్ని స్నాప్‌షాట్ల నుంచి మినహాయిస్తే ఈ చిక్కు రాదు.

జెంటూ వాడేవారికి

జెంటూ కూడా సోర్సు నుంచి కంపైల్ చేసుకునే లినక్సే; అందులో ఎంపిక సులువు. దాని ప్యాకేజీ సాధనమైన పోర్టేజ్ తన కంపైల్ పనిని వార్ కింది టీఎంపీలో చేసి, విజయవంతమైతే తానే తుడిచేస్తుంది. విఫలమైనవి మాత్రమే మిగులుతాయి. ఫీచర్లలో ఫెయిల్ క్లీన్‌ను చేరిస్తే అవి కూడా పోతాయి, కాని విఫలమైన కారణం వెతకడానికి కావలసిన ఆధారం కూడా వాటితో పోతుంది కనుక నేను దాన్ని చేర్చను. డిస్ట్‌ఫైళ్లకు జెంటూల్‌కిట్‌లోని ఈక్లీన్ డిస్ట్ ఉంది. ఇది మామూలుగా నడిపితే పోర్టేజ్ ట్రీలో ఉన్న ప్రతి ఈబిల్డ్‌కూ, అంటే తయారీ ఫైలుకూ, చెందిన ఫైళ్లను కాపాడుతుంది. డీప్ ఆప్షన్ ఇస్తే ఇన్‌స్టాల్ అయినవాటివే ఉంచుతుంది. పోర్ట్స్‌క్లీన్‌లో ఒక డికీ రెండు డిలకీ ఉన్న తేడాయే ఇది, చెప్పిన జాగ్రత్తలే ఇక్కడా వర్తిస్తాయి. అయితే ఇంత కాలానికి లోపు దిగిన ఫైళ్లను తాకవద్దని కాలపరిమితి పెట్టే వీలు, చేత్తో దింపుకోవలసిన ఆర్కైవులను కాపాడే ఆప్షన్ దీనికి ఉన్నాయి. ఈ రెండింటి వల్ల నా దృష్టిలో డిస్ట్‌ఫైళ్ల విషయంలో ఫ్రీబీఎస్‌డీ సాధనాల కంటే ఇదే మెరుగైనది. కేవలం దీని కోసం వ్యవస్థ మారనక్కర లేదనుకోండి.

క్రాన్‌లో పెట్టాలా

వర్క్ శుభ్రతను వారానికొకసారి క్రాన్‌లో (నిర్ణీత వేళకు పనులను నడిపే ఏర్పాటు) పెట్టుకోవచ్చు. డిస్ట్‌ఫైళ్ల శుభ్రతను మాత్రం ఏ సాధనంతోనూ క్రాన్‌కు అప్పగించవద్దు, దాన్ని మనిషి జాబితా చూసి చేయాలి. వర్క్ విషయంలో కూడా ఒక షరతు ఉంది: ఫైండ్‌తో తుడిచే స్క్రిప్టు అప్పుడు ఏదైనా పోర్టు కంపైల్ అవుతోందా అని చూడదు. రాత్రి కరెంటు నిలకడగా ఉంటుందని పెద్ద అప్‌డేట్లను రాత్రికే పెట్టేవారు మన దగ్గర ఎక్కువ. క్రాన్ పనులను కూడా అందరూ తెల్లవారుజామునే పెడతారు. రెండూ తగులుకుంటే నడుస్తున్న కంపైల్ కాళ్ల కింది నుంచి దాని వర్క్ డైరెక్టరీయే మాయమవుతుంది. అందుచేత స్క్రిప్టు మొదట్లో మేక్ గాని పోర్ట్‌మాస్టర్ గాని నడుస్తోందేమో పీగ్రెప్‌తో చూసి, నడుస్తుంటే ఆ వారానికి ఏమీ చేయకుండా వెనుదిరిగేలా రాయండి.